పద్నాలుగో అధ్యాయంలో మూడు మౌనాలు

మా పెద్దమ్మ వెళ్ళే సంఘంలో ఆడవాళ్ళు సాక్ష్యం చెప్పొచ్చు, వాక్యం చెప్పకూడదు. సాక్ష్యమంటే దేవుడు తనకేం చేశాడో నిలబడి చెప్పుకోవడం. వాక్యమంటే బైబిల్ తెరిచి ప్రసంగించడం. రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఎవరూ రాసిపెట్టలేదు కానీ చాప మీద కూర్చున్న అందరికీ తెలుసు. అదే రోడ్డులో నాలుగిళ్ళ అవతల ఇంకో సంఘం ఉంది. అక్కడ ఆరాధన ఊపందుకుంటే ఆడా మగా ఒక్కసారిగా అన్యభాషల్లోకి, అంటే ఆత్మ పలికిస్తుందని నమ్మే, తాము నేర్చుకోని పలుకుల్లోకి వెళ్ళిపోతారు, మైకు మోత పక్క వీధికి వినిపిస్తుంది. వాళ్ళని చూసి వీళ్ళు "అదేం క్రమం?" అంటారు. వీళ్ళని చూసి వాళ్ళు "ఆత్మను ఆర్పేసుకున్నారు" అంటారు. తమాషా ఏమిటంటే, వాదనకొస్తే రెండు చోట్లా తెరిచే పేజీ ఒకటే. తొలి క్రైస్తవ ప్రచారకుడు, అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం, అంటే మొదటి కొరింథీయులకు పత్రిక, పద్నాలుగో అధ్యాయం.

ఆ అధ్యాయాన్ని మన పాత తెలుగు బైబిల్లోనే పెన్సిల్ పట్టుకుని చదవండి. 28వ వచనం: భాషతో మాట్లాడేవాడికి అర్థం చెప్పేవాడు లేకపోతే అతను సంఘంలో "మౌనముగా ఉండవలెను". 30వ వచనం: ఒకరు ప్రవచిస్తుండగా, అంటే దేవుడిచ్చిన మాట పలుకుతుండగా, కూర్చున్న ఇంకొకరికి ఏదైనా బయలుపరచబడితే మొదటివాడు "మౌనముగా ఉండవలెను". 34వ వచనం: స్త్రీలు సంఘములలో "మౌనముగా ఉండవలెను". గ్రీకులోనూ మూడు చోట్లా ఒకటే క్రియ, సిగావో. ఏడు వచనాల్లో పౌలు ముగ్గుర్ని ఊరుకోమన్నాడు. మొదటి ఇద్దరి మౌనం కాసేపటిదేనని అందరూ ఒప్పుకుంటారు. అర్థం చెప్పేవాడు రాగానే ఒకరి నోరు తెరుచుకుంటుంది, పక్కవాడి వంతు అయిపోగానే ఇంకొకరిది. మూడోది మాత్రం చాలా సంఘాల్లో జీవితకాలపు మౌనమై కూర్చుంది.

అలా కావడానికి కారణం లేకపోలేదు. మొదటి రెండు చోట్లా పౌలు షరతు పెట్టాడు, మూడోచోట షరతు కనిపించదు. పైగా "లోబడియుండవలసినదే", "ధర్మశాస్త్రమును (అంటే మోషే ధర్మశాస్త్రం) చెప్పుచున్నది" అని గట్టి మాటలు ఉన్నాయి. ఈ తేడా పెద్దదా చిన్నదా అన్న దగ్గరే గత యాభై ఏళ్ళుగా పండితులు లావుపాటి పుస్తకాలు రాస్తున్నారు. వాటిలో ఎవరు ఎవరి వైపు నిలబడతారన్నది మనం ఊహించినట్టు ఉండదు.

ముందు సందర్భం. క్రీ.శ. 53-55 ప్రాంతంలో పౌలు ఎఫెసులో ఉండి ఈ ఉత్తరం రాశాడు. కొరింథు వ్యాపార నగరం. సంఘం కూడేది ఎవరో ఒకరి ఇంట్లో. క్లోయె అనే ఆవిడ ఇంటివాళ్ళు వచ్చి అక్కడి తగాదాలు చెప్పారు. కొరింథువాళ్ళు తమ ప్రశ్నలు రాసి కూడా పంపారు, ఏడో అధ్యాయం "మీరు వ్రాసినవాటివిషయము" అనే మొదలవుతుంది. మన చేతికొచ్చింది జవాబు, వాళ్ళ ఉత్తరం పోయింది. ఆనాటి గ్రీకు రాతలో కొటేషన్ గుర్తులు కూడా లేవు. పౌలు ఎక్కడ తన మాట చెబుతున్నాడో, ఎక్కడ వాళ్ళ మాటనే వాళ్ళకి అప్పజెబుతున్నాడో చదివేవాళ్ళే పట్టుకోవాలి. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

భాషల సంగతి చూద్దాం. "అన్యభాషలు" అనే మాటే మనల్ని కాస్త పక్కదారి పట్టిస్తుంది. అది అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలోని మాట. పెంతెకొస్తు రోజున యెరూషలేములో శిష్యులు మాట్లాడుతుంటే పార్తీయుల దగ్గర్నుంచి రోమా నుంచి వచ్చినవాళ్ళ దాకా ఎవరి భాష వాళ్ళకి వినబడింది. మధ్యలో అర్థం చెప్పేవాడి అవసరమే లేకపోయింది. కొరింథులో కథ వేరు. "మనుష్యుడెవడును గ్రహింపడు" అంటాడు పౌలు. అక్కడ అర్థం చెప్పేవాడు లేకపోతే పని జరగదు. రెండూ ఒకటేననీ, కొరింథులో పలికినవి కూడా ఏదో ఒక జాతి మాట్లాడే అసలు భాషలేననీ కొందరి వాదన. కాదు, అది ప్రార్థనలో పొంగే పలుకు, పదమూడో అధ్యాయంలో పౌలు అన్న "దేవదూతల భాష" లాంటిది అని ఇంకొందరిది. మన నాలుకకి మాత్రం రెండింటినీ అన్యభాషలనడమే అలవాటైపోయింది.

1972లో వచ్చిన రెండు పుస్తకాలు ఈ తగువును వేదాంతుల బల్ల మీంచి తీసి వేరే శాస్త్రాల బల్ల మీద పెట్టాయి. టొరంటో యూనివర్సిటీ భాషాశాస్త్రవేత్త విలియం సామరిన్ "టంగ్స్ ఆఫ్ మెన్ అండ్ ఏంజెల్స్" రాశాడు. పలు దేశాల కూడికల్లో పలుకులు సేకరించి, అక్షరం అక్షరం విడదీసి చూసి ఆయన తేల్చింది ఇది: మాట్లాడేవాళ్ళు తమకు తెలిసిన భాషల ధ్వనులనే కొత్తగా పేర్చుకుంటున్నారు. లయ ఉంది, ఊపు ఉంది, భాష వేషం ఉంది కానీ లోపల వ్యాకరణం లేదు. దాన్ని పిచ్చి అనో జబ్బు అనో మాత్రం ఆయన అనలేదు. మానవశాస్త్రవేత్త ఫెలిసిటస్ గుడ్‌మన్ మెక్సికోలో, ఇతర చోట్ల పరిశీలించి, ఇది పూనకం లాంటి స్థితిలో పుడుతుందనీ, దేశం మారినా స్వరం ఎక్కే తీరు, దిగే తీరు ఒకేలా ఉంటాయనీ రాసింది. పూనకం మాట సామరిన్‌కి నచ్చలేదు. మామూలు మెలకువలో ఉండి కూడా అలా మాట్లాడతారని ఆయన పట్టుబట్టాడు.

మా వైపు కూడికల్లో నేను చెవిపెట్టి విన్నంతలో ఆ పలుకులు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, అచ్చం తెలుగు మాటల్లాగే. సామరిన్ పుస్తకం గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. ఇది నా చెవి చెప్పిన మాట, పరిశోధన కాదు.

దీంతో తగువు తీరిందా అంటే లేదు. "నా మనస్సు ఫలవంతముగా ఉండదు" అని పౌలే ఒప్పుకున్నాడు కదా, వ్యాకరణం దొరకనంత మాత్రాన వరం అబద్ధమైపోతుందా అని విశ్వాసి అడుగుతాడు. ఆ ప్రశ్నకి భాషాశాస్త్రం దగ్గర జవాబు ఉండదు.

ఇంకో వాదం అసలు భాషల్లాంటి ఈ వరాలే ఆగిపోయాయంటుంది. ప్రిన్స్‌టన్ వేదాంతి బి.బి. వార్‌ఫీల్డ్ 1918లో "కౌంటర్‌ఫీట్ మిరకిల్స్" అనే పుస్తకంలో, అద్భుతాలు అపొస్తలుల మాటకి పడిన ముద్రలాంటివనీ, అపొస్తలులతోనే వాటి పని అయిపోయిందనీ వాదించాడు. ఈ పక్షంవాళ్ళు చూపించే వచనం 13:8, అంటే ఇదే పత్రిక పదమూడో అధ్యాయం ఎనిమిదో వచనం. తెలుగులో అది "భాషలైనను నిలిచిపోవును" అని ఉంది. చిన్నప్పుడు నేను దీన్ని పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకున్నాను. బస్సు నిలిచిపోతే ఆగిపోయినట్టు, పేరు నిలిచిపోతే ఎప్పటికీ ఉన్నట్టు! గ్రీకు క్రియకి మాత్రం ఆగిపోవడమనే అర్థం. ఎప్పుడు ఆగుతాయన్నదే గొడవ. "పూర్ణమైనది వచ్చినప్పుడు" అంటుంది పదో వచనం. పూర్ణమైనది అంటే కొత్త నిబంధన గ్రంథాలు పూర్తికావడమని ఒకప్పుడు చాలామంది చెప్పేవారు. ఇప్పటి వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది అది క్రీస్తు రాకడ గురించేనంటారు. అలాగైతే ఈ వచనం పట్టుకుని భాషలు ఆగిపోయాయని చెప్పడం కుదరదు. డి.ఎ. కార్సన్ 1987లో రాసిన "షోయింగ్ ది స్పిరిట్" ఇక్కడ చక్కగా పనికొస్తుంది. భాషలు ఆగిపోయాయన్న వాదాన్ని ఆయన ఒప్పుకోడు. ఆత్మ పొందిన ప్రతివాడూ భాషల్లో మాట్లాడి తీరాలన్న వాదాన్నీ ఒప్పుకోడు. "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అన్న 12:30 ప్రశ్న గ్రీకులో "లేదు కదా" అనే జవాబునే ఆశించే ప్రశ్న.

అదే ఏడాది, 1987లో, ఇంకో పెద్ద వ్యాఖ్యానం వచ్చింది. రాసింది గోర్డన్ ఫీ. ఆయన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘశాఖలో పాస్టరు, భాషల వరాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. పాఠ్యపరిశోధనలో, అంటే పాత చేతిరాత ప్రతుల్ని పోల్చి మూలపాఠం ఏదో తేల్చే పనిలో ఉద్దండుడు. ఆత్మ బాప్తిస్మానికి, అంటే పరిశుద్ధాత్మతో నిండడానికి, భాషలే తొలి రుజువు అన్న తన సంఘశాఖ సిద్ధాంతంతో ఆయన బహిరంగంగానే విభేదించాడు. అంతకంటే పెద్ద దుమారం లేపింది 34, 35 వచనాల మీద ఆయన తీర్పు. ఆ రెండూ పౌలు రాసినవి కావు, ఎవరో అంచులో రాసుకున్న మాట తర్వాత లోపలికి వచ్చేసింది, అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ ప్రతుల్ని దగ్గరగా చూడాలి.

మనకు దొరికిన ఏ పూర్తి ప్రతిలోనూ ఈ రెండు వచనాలు లేకుండా పోలేదు. క్రీ.శ. 200 ప్రాంతపు పపైరస్ ప్రతి పి46లో అవి 33 తర్వాతే ఉన్నాయి. కానీ గ్రీకు, లాటిన్ పక్కపక్కన రాసిన క్లారమొంటానస్ అనే ప్రతిలో, దానితో చుట్టరికమున్న మరికొన్ని ప్రతుల్లో ఇవి 40వ వచనం తర్వాతకి వెళ్ళిపోయాయి. ఒకే మాట కొన్ని ప్రతుల్లో ఒకచోట, కొన్నింట్లో ఇంకోచోట ఎందుకుంది? ప్రతిని నకలు రాసే రాయసగాడు మొదట అంచులో చూశాడు, ఒకడు ఇక్కడ ఇరికించాడు, ఇంకొకడు అక్కడ ఇరికించాడు, అంటాడు ఫీ. తీసేస్తే 33 నుంచి 36కి మాట సాఫీగా సాగిపోతుందనేది ఆయన రెండో వాదన.

ఫిలిప్ పేన్ అనే పండితుడు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. వాటికన్ గ్రంథాలయంలో ఉన్న నాలుగో శతాబ్దపు ప్రతి వాటికానస్‌లో, సరిగ్గా ఈ చోట, అంచులో రెండు చుక్కలు పక్కపక్కన ఉన్నాయి. ఇక్కడ ప్రతుల మధ్య తేడా ఉందని ఆ చుక్కల అర్థమని 1995లో ఆయన రాశాడు. క్రీ.శ. 546-547లో కాపువా బిషప్ విక్టర్ దగ్గరుండి దిద్దించిన ఫుల్డెన్సిస్ అనే లాటిన్ ప్రతినీ ఎత్తి చూపించాడు. అందులో అడుగు అంచున 36 నుంచి 40 వరకు మళ్ళీ రాసి ఉంది, 34, 35 లేకుండా. ఆ తర్వాత చుక్కల వయసు మీద పెద్ద గొడవే నడిచింది. చుక్కల్లో కొన్ని మూల రాయసగాడి సిరా రంగుతో సరిపోతున్నాయని పేన్ పక్షం. కాదు, అవి పదహారో శతాబ్దంలో సెపుల్వెడా అనే స్పెయిన్ పండితుడి కాలంలో పడ్డవి అని పీటర్ హెడ్ లాంటివారి పక్షం. ఆ సెపుల్వెడా వాటికానస్ ప్రతిని చూసి 365 పాఠభేదాలు ఏరి ఆనాటి పండితుడు ఎరాస్మస్‌కి రాసి పంపినవాడు. రెండు చుక్కలు పన్నెండు వందల ఏళ్ళ తేడాలో ఊగుతున్నాయన్నమాట! కోట్లమంది ఆడవాళ్ళు ఆదివారం నోరు తెరవాలా వద్దా అన్న చర్చ ఇంత చిన్న సిరా మరక దాకా వెళ్ళిందంటే నాకు ఇప్పటికీ విచిత్రంగా ఉంటుంది.

ఫీ వాదన ఎంత పదునుగా ఉన్నా, ఆ వచనాలు లేకుండా ఒక్క ప్రతి కూడా దొరకలేదన్నది నాకు అడ్డం పడుతుంది. నాకే కాదు. "కొరింథియన్ విమెన్ ప్రాఫెట్స్" (1990) రాసిన ఆంటోయినెట్ వైర్ స్త్రీవాద దృష్టితో ఈ ఉత్తరాన్ని చదివిన పండితురాలు. ఆమె ఆ వచనాలు పౌలువేనంటుంది. చోటు మారిన ప్రతులన్నీ ఒకే తల్లి ప్రతి పిల్లలు, ఒక్కడు చేసిన మార్పు అన్నింట్లోకి పాకింది అని ఆమె లెక్క. కొరింథులో ప్రవచించే ఆడవాళ్ళు బలంగా ఉన్నారు కాబట్టే పౌలు వాళ్ళని అదుపు చేయాలని చూశాడు, అంటుంది. పెంతెకొస్తు పాస్టరు ఆ మాట పౌలుది కాదంటే, స్త్రీవాద పండితురాలు అక్షరాలా పౌలుదే అంటుంది. ఎవరు ఏ వైపు అన్నది పుస్తకం అట్ట చూసి చెప్పలేం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

పౌలుదే అనుకుంటే అసలు చిక్కు ఇంటి లోపలే ఉంది. మూడు అధ్యాయాల ముందు, 11:5లో, స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుకు ఉండాలన్నాడు. ఉండాలన్నది ముసుకు. మాట్లాడొద్దని అక్కడ అనలేదు. మా వైపు ముసుగు గట్టిగా నిలబడింది. చెంగు తలమీదికి లాక్కోకుండా ప్రార్థనకి కూర్చునే ఆడమనిషి తక్కువ. ఆ వచనం చెంగు ఎప్పుడు లాక్కోమంది? నోరు తెరిచి ప్రవచించేటప్పుడు. మనం చెంగు ఉంచుకుని ప్రవచనం తీసేశాం.

11:5ని, 14:34ని కలపడానికి పండితులు వేసిన ముడుల్లో ఎక్కువగా వినబడేది ఇది: స్త్రీలు ప్రవచించొచ్చు, కానీ ఆ ప్రవచనాలు నిజమో కాదో బహిరంగంగా తూచే పనిలో మాట్లాడకూడదు. 29వ వచనంలో "తక్కినవారు వివేచింపవలెను" అని ఉంది కదా, 34వ వచనం దానికి కొనసాగింపు అని. జేమ్స్ హర్లీ (1981), వేన్ గ్రూడెమ్ (1982), కార్సన్ ఈ దారి పట్టారు. ఈ ముగ్గురూ సంఘంలో పురుషుల అధికారాన్ని నమ్మేవారే, అయినా స్త్రీ అస్సలు నోరు తెరవకూడదని వీళ్ళెవరూ అనరు. మన పల్లె సంఘాల్లో అమలయ్యే రూలు వీళ్ళ పుస్తకాల కంటే కఠినం. ఈ దారిలో లోటు ఏమిటంటే 35వ వచనం తూచడం గురించి మాట్లాడదు. నేర్చుకోవాలనుకుంటే "ఇంట తమ తమ భర్తలనడుగవలెను" అంటుంది. దాన్ని పట్టుకుని, కూడిక మధ్యలో ప్రశ్నలు వేసి ఆటంకపరచే భార్యలకే ఆ మాట అని ఇంకొందరు వివరిస్తారు. మరి పెళ్ళికానివాళ్ళు, విధవరాళ్ళు ఎవర్ని అడగాలి? అలాగే ఉండిపోతే మేలని ఏడో అధ్యాయంలో వాళ్ళకి చెప్పినవాడు ఈ పౌలే.

మరో దారి కొటేషన్ దారి. 34, 35 కొరింథులోని కొందరు మగవాళ్ళ మాట, పౌలు దాన్ని ముందు వినిపించి 36లో విరుచుకుపడ్డాడు: "దేవుని వాక్యము మీయొద్దనుండియే బయలువెళ్లెనా? మీయొద్దకు మాత్రమే వచ్చెనా?" ధర్మశాస్త్రంలో ఎక్కడా స్త్రీలు కూడికలో మాట్లాడకూడదన్న వాక్యం లేదు, కాబట్టి "ధర్మశాస్త్రమును చెప్పుచున్నది" అన్నది పౌలు నోటి మాట కాదంటారు. అమెరికా వైద్యురాలు కేథరీన్ బుష్నెల్ వందేళ్ళ కిందటే ఈ మాట రాసింది. ఇండియాలో బ్రిటిష్ కంటోన్మెంట్ల చుట్టూ సాగిన వ్యభిచార వ్యవస్థని 1890లలో బయటపెట్టిన ఇద్దరిలో ఆమె ఒకరు. ఈమధ్య లూసీ పెపియట్ (2015) దీన్ని మళ్ళీ గట్టిగా నిలబెట్టింది. వినడానికి బాగుంటుంది. కానీ ఈ ఉత్తరంలో పౌలు ఎత్తిచూపే కొరింథు మాటలు మామూలుగా పొట్టివి, "అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము కలదు" లాంటివి. రెండు నిండు వచనాల కొటేషన్ అంటే కాస్త సాగదీసినట్టే.

ఆడవాళ్ళు ఊరుకోవాలనేవాళ్ళు ఇక్కడ ఓడిపోతే చాలామంది పరుగెత్తేది కొత్త నిబంధనలోని మరో ఉత్తరం, మొదటి తిమోతి, రెండో అధ్యాయానికి. అక్కడ 2:12లో "అధికారము చేయుట" అని తెలుగైన గ్రీకు క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఒక్కసారే కనబడుతుంది. దాని అర్థం మామూలు అధికారమా, దౌర్జన్యమా అని వేరే పుస్తకాల గుట్ట ఉంది. నాకు ఎక్కువ ఆసక్తి పుట్టించింది పక్కనున్న "మౌనముగా" అనే మాట. అది కొరింథు క్రియ కాదు, హెసుకియా అనే వేరే మాట. నెమ్మది, ప్రశాంతత అని దాని సాధారణ అర్థం. అదే అధ్యాయం రెండో వచనంలో అందరూ బతకాల్సిన తీరు గురించి ఇదే ధాతువు నుంచి వచ్చిన మాట ఉంటే తెలుగులో "నెమ్మదిగాను సుఖముగాను" అని వచ్చింది. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో సోమరిపోతులకు చెప్పిన చోట ఇదే హెసుకియా "నెమ్మదిగా పనిచేయుచు" అయింది. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "మౌనముగా" అయింది. అనువాదకులకు దురుద్దేశం అంటగట్టను. మాట ఎంచుకునేటప్పుడు చెయ్యి ఎటు ఒరిగిందో కనబడుతోంది, అంతే.

పుస్తకాలు పక్కన పెట్టి చరిత్ర చూస్తే, భాషలు, ఆడవాళ్ళ నోరు రెండూ కలిసే తెరుచుకున్నాయి. అమెరికాలో పెంతెకొస్తు ఉద్యమానికి ఊపునిచ్చిన అజూసా వీధి ఉజ్జీవం, అంటే భక్తి పొంగిన కూడికల కాలం, 1906 నాటిది. పుణె దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో ఉజ్జీవం 1905లోనే మొదలైంది. అక్కడున్నది బాలవితంతువులు, కరువులో అనాథలైన ఆడపిల్లలు. ఇంగ్లిష్ రాని పిల్ల ఇంగ్లిష్‌లో ప్రార్థించడం విన్నానని అక్కడికి వెళ్ళిన మిషనరీ ఒకరు రాశారు. రమాబాయి భాషల్ని తోసిపుచ్చలేదు, అందరికీ అదే రుజువు కావాలనీ అనలేదు. ఆమె హీబ్రూ, గ్రీకుల నుంచి మరాఠీలోకి బైబిల్ అనువదించిన మనిషి. పద్నాలుగో అధ్యాయం ఆమెకి తెలియనిది కాదు. అయినా పిల్లల్ని జట్లుగా ఊళ్ళకి సువార్తకి పంపింది.

మన తెలుగు నేల మీద దక్షిణ ఇండియా సంఘం 1976 నుంచి స్త్రీలకు ఆర్డినేషన్, అంటే పాస్టరు అభిషేకం, ఇస్తోంది. ఆ సంఘపు మొదటి మహిళా బిషప్ ఇ. పుష్పలలిత 2013లో అభిషేకం పొందింది మన నంద్యాల డయోసిస్‌కే. అదే జిల్లాల్లో, కొన్నిసార్లు అదే వీధిలో, ఆడమనిషి పుల్పిట్ మెట్టు ఎక్కని సంఘాలు వందల్లో ఉన్నాయి. భాషలు దంచేసే చాలా పెంతెకొస్తు సంఘాల్లో కూడా పాస్టరమ్మ ప్రార్థన నడిపిస్తుంది, ఉపవాస కూడిక నడిపిస్తుంది, స్త్రీల కూడికలో గంటసేపు ప్రసంగిస్తుంది. ఆదివారం వాక్యం మాత్రం పాస్టరుగారిదే. ఇక 27, 28 వచనాలు, ఇద్దరు లేక ముగ్గురు, వంతులచొప్పున, అర్థం చెప్పేవాడు ఉంటేనే అన్న రూలు, ఆ మైకుల ముందు అమలవడం నేనింతవరకు చూడలేదు. రెండో మౌనం సంగతి చెప్పనే అక్కర్లేదు. వేరొకరికి ఏదో బయలుపడిందని ప్రసంగం మధ్యలో ఆపి కూర్చున్న పాస్టరుగారిని మీరు చూశారా?

అందుకే ఈ విషయం మీద కొత్త పుస్తకం దొరికితే నేను మొదట వెనకనున్న వచనాల పట్టిక తీసి, 11:5కి ఎన్ని పేజీలిచ్చారో, 14:28నీ 14:30నీ అసలు పట్టించుకున్నారో లేదో చూస్తాను.

పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్ళినప్పుడు పెద్దమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. చెంగు సర్దుకుని, మోకాళ్ళ ఆపరేషన్ సంగతితో మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి యోబు దగ్గరికి వెళ్ళింది, యోబు నుంచి కీర్తన 103కి, అక్కణ్ణుంచి రోమా ఎనిమిదికి. మధ్యలో ఆరు వచనాలు చూడకుండా చెప్పింది, రెండింటికి వివరణ కూడా ఇచ్చింది. నలభై నిమిషాలు. ముందు వరసలో పెద్దలు తలూపుతూ ఆమేన్ అంటున్నారు. ఆమె కూర్చున్నాక పాస్టరుగారు మైకు తీసుకుని, "సహోదరి మంచి సాక్ష్యం చెప్పారు, ఇప్పుడు వాక్యం విందాం" అన్నారు.